అమావాస్య నాడు కొలిచిన మగ్గం గది

అనంతపురంలో ఏసీలు అమ్మే ఒక షాపులో 1994 జూన్ 6న చేరాను. 2024 మార్చి 30న మానుకున్నాను. ముప్పై ఏళ్ళకు రెండు నెలల వారం రోజులు తక్కువ. నా పని ఏసీలు అమ్మడం కాదు, బిగించడమూ కాదు. ఆ రెండింటికీ మధ్య ఇంకొక పని ఉంది. ఇంటికి వెళ్ళి గది కొలవాలి. పైకప్పు దేనితో వేశారో, ఎండ ఏ గోడ మీద ఎన్ని గంటలు ఉంటుందో, ఆ గదిలో ఎందరు ఏం చేస్తారో చూడాలి. ఎన్ని టన్నుల యంత్రం కావాలి, ఏ గోడకు పెట్టాలి, ఏ మెకానిక్కును పంపాలి అన్నది కాగితం మీద రాసివ్వాలి. షాపులో దీన్ని సర్వే అంటారు.

ఇప్పుడు ఆ కుర్చీలోకి ఇద్దరు అమ్మాయిలు వచ్చారు. ఏం నేర్చుకోవాలని అడిగారు. టన్నుల లెక్క కంపెనీవాళ్ళే రెండు రోజుల్లో నేర్పిస్తారు, అది రాయను. వాళ్ళు నేర్పనిది, నేను తప్పు చేసి నేర్చుకున్నది రాస్తాను.

పాత యంత్రం స్థానంలో కొత్తది

కొత్త ఇంటికి కొత్త ఏసీ పెట్టడం సులభం. పాతది తీసి కొత్తది పెట్టడమే కష్టం. కొత్త ఇంట్లో మనం చెప్పింది వింటారు. పాత ఏసీ ఉన్న ఇంట్లో పదేళ్ళుగా దానితో కాపురం చేసి ఉంటారు కాబట్టి మనం కూర్చోకముందే వాళ్ళు తీర్పు చెప్పేస్తారు. "పాతది ఒకటిన్నర టన్ను ఉండె. చాల్లేదు. ఈసారి రెండు ఇయ్యి" అంటారు.

ఆ మాట విని రాసుకుని రావద్దు. పాత ఏసీ గదిని బాగా చల్లబరిచిన చివరి ఎండాకాలం ఏదో అడగండి. తరువాత ఆ ఇంట్లో ఏం మారిందో అడగండి. పడమటి గోడ పక్కన వేపచెట్టు కొట్టేసి ఉంటారు. పైన రేకుల గది పడి ఉంటుంది. లేదా ఏమీ మారకుండా, దుమ్ము పట్టే లోపలి జాలీ నాలుగేళ్ళుగా కడగకుండా ఉంటుంది. గుత్తి రోడ్డులో ఒక ఇంట్లో నేను జాలీ కడిగించి, ఏసీ అమ్మకుండా వెనక్కి వచ్చాను. ఆ ఇంటివాళ్ళే తరువాత తొమ్మిది ఇళ్ళను మా షాపుకు పంపారు. తొమ్మిదీ రాసి పెట్టుకున్నాను.

మన సీమలో ఇంకో ప్రశ్న కూడా వస్తుంది, దానికి సిద్ధంగా ఉండండి. పామిడిలో ఒకావిడ నన్ను గది చూడనివ్వకుండా ముందు ఇదే అడిగింది.

"ఏసీకి నీళ్ళు కారుతాయంట గదమ్మా. దినానికి ఎన్ని బిందెలు ఇస్తాది?"

"బిందెలు కాదమ్మా. మన ఎండాకాలం గాలిలో తేమ లేదు. మూడు నాలుగు చెంబులు వస్తే గొప్ప."

"అంతేనా. మా వదిన వాళ్ళది చెన్నైలో బకెట్లు బకెట్లు ఇస్తాదంట. నువ్వు మంచి కంపెనీది చూపించు."

నవ్వొచ్చినా నవ్వకూడదు. నీళ్ళ ట్యాంకరు కోసం రోజూ కాచుకునే మనిషి అడగాల్సిన ప్రశ్నే అది.

మస్తాన్ సాబ్

షాపు యజమాని మస్తాన్ సాబ్ ఫ్యాన్ల మోటార్లకు రాగి తీగ చుట్టే పనితో మొదలుపెట్టి షాపు పెట్టినవాడు. మోటారు మీద చెయ్యి పెట్టి అందులో లోపమేదో చెప్పగలడు. మెకానిక్కు నిచ్చెన మీద నుంచి పడితే ఆసుపత్రిలో మూడు రోజులు పక్కన కూర్చున్నాడు. ఇవి ఆయన మంచి గుణాలు. ఏప్రిల్, మే నెలల్లో ఆయనకు వినబడదు. ఇది చెడ్డ గుణం. రోజుకు పద్నాలుగు ఏసీలు బిగించాల్సిన రోజుల్లో ఎవరేం చెప్పినా, "సరోజమ్మా, జల్దీ జల్దీ, మాట్లాడేది జూన్‌లో మాట్లాడుదాం" అనేవాడు.

యజమాని తొందర మన చేతిలోకి రాకూడదు. ఇది రాయడం తేలిక. నేను ఉద్యోగంలో ఇరవై తొమ్మిదో ఏట కూడా ఇందులో తప్పాను.

ఎండిన భూమి

అంతకుముందు చేసిన ఒక చిన్న తప్పు చెబుతాను. ముదిగుబ్బలో ఒక ఇంటికి నవంబరులో సర్వేకు వెళ్ళాను. పాత ఎర్తింగు ఉంది, మీటరు పెట్టి చూస్తే బాగుంది. "సరిపోతుంది" అని రాశాను. ఏప్రిల్‌లో ఆ ఇంటి కోడలు తడి చీర ఆరేస్తూ బయటి యూనిట్‌ను తాకితే చెయ్యి జివ్వుమంది. అదృష్టం, అంతటితో పోయింది. వెళ్ళి చూస్తే ఎర్తింగు గుంత అడుగుదాకా ఎండి, మట్టి పగిలి ఉంది. నవంబరు తడిలో బాగున్న భూమి ఏప్రిల్‌కు కరెంటును మింగడం మానేసింది.

అప్పటి నుంచి ప్రతి ఇంట్లోనూ ఎర్తింగు గుంత చూపించమనేదాన్ని. ఎండాకాలం వారానికి రెండు బిందెలు అందులో పోయాలని ఇంటి ఆడవాళ్ళకే చెప్పేదాన్ని. మగవాళ్ళకు చెప్తే తలూపుతారు, పోయరు. తాగేదానికే నీళ్ళు లేవంటే బట్టలు ఉతికిన నీళ్ళు పోయండి అనేదాన్ని.

ఆదినారాయణ గది

ఇప్పుడు పెద్ద తప్పు.

ధర్మవరంలో ఆదినారాయణ పట్టు చీరలు నేసే మనిషి, అప్పటికి యాభై ఎనిమిదేళ్ళు. భార్య లక్ష్మీదేవమ్మ కండెలు చుడుతుంది, అంటే మగ్గం మీద అటూ ఇటూ తిరిగే నాడెలో పెట్టే చిన్న గొట్టాలకు పట్టు దారం ఎక్కిస్తుంది. ఇంటి నడిమి గదిలో గుంత మగ్గం. నేతగాడు నేలలో తవ్విన గుంతలోకి కాళ్ళు వదిలి కూర్చుని నేస్తాడు. 2022 మే నెలలో ఆయన మగ్గం మీదే స్పృహ తప్పి ముందుకు వాలిపోయాడు. వేడిలో కూర్చోవద్దు, కూర్చుంటే ఈసారి గుండె తట్టుకోదని డాక్టరు చెప్పాడు. ఆ ఎండాకాలమంతా మగ్గం ఆగిపోయింది. పడుగు, అంటే మగ్గానికి ఎక్కించే నిలువు పట్టు పోగులు, ఇచ్చే షావుకారు మనిషి వచ్చి, వచ్చే ఏడు కూడా ఇట్లనే అయితే వేరేవాళ్ళకు ఇచ్చుకుంటామని చెప్పి పోయాడు. ఆ తరువాతే ఆ గదిలో పదకొండేళ్ళ నాటి విండో ఏసీ ఒకటి పెట్టుకున్నారు. బంధువులు ఇచ్చింది. ఎండలు ముదరక ముందే, 2023 మార్చిలో, అది కూడా ఆగిపోయింది.

కాబట్టి ఆ ఇంటికి ఏసీ సుఖం కోసం కాదు. ఆయన ఎండాకాలం నేయగలిగితే మగ్గం ఉంటుంది. లేకపోతే గుంత పూడ్చేయాలి. ఈ మాట ఆయనే ఫోన్‌లో చెప్పాడు.

"గుంత పూడ్చి దాని మీద మంచం వేసుకోవల్ల అక్కా. అంతే ఇంక."

నేను 2023 ఏప్రిల్ 20, గురువారం వెళ్ళాను. అది అమావాస్య. అమావాస్య నాడు ధర్మవరంలో మగ్గాలు ఆడవు, నేతవాళ్ళకు సెలవు. ఇంటివాళ్ళు తీరికగా ఉంటారని నేనే ఆ రోజు ఎంచుకున్నాను. ధర్మవరం ఇళ్ళకు ఎప్పుడూ అమావాస్యకే వెళ్ళేదాన్ని. మిగతా రోజుల్లో ఎవరూ లేచి తలుపు కూడా తీయరు.

గది పదహారు అడుగులు, పన్నెండు అడుగులు, ఎత్తు పదకొండు. పైన కడప బండల కప్పు. పడమటి గోడ మీద మధ్యాహ్నం రెండు నుంచి ఆరుదాకా ఎండ. మగ్గం మీద పాత దుప్పటి కప్పి ఉంది. పూలగుత్తులు, అంచులు తేలడానికి పోగులను ఎత్తే జాకార్డ్ యంత్రం మగ్గం నెత్తిన, దాని నుంచి వందల తాళ్ళు కిందికి. ఆదినారాయణ ఎక్కడ కూర్చుంటాడో చూపించాడు. లెక్క వేశాను. బండల కప్పు, పడమటి ఎండ, ఇద్దరు మనుషులు. రెండు టన్నుల ఇన్వర్టరు స్ప్లిట్. కూర్చున్న మనిషికి ఎదురు గోడ మీద పెడితే గాలి నేరుగా ఎదమీద పడుతుంది. గుండె మనిషికి అంతకంటే ఏం కావాలి అనుకున్నాను. కాగితం రాశాను.

లక్ష్మీదేవమ్మ మజ్జిగ తెచ్చి ఇచ్చి, ఒక్క మాట అడిగింది.

"అక్కా, మగ్గం ఆడేటప్పుడు ఒకతూరి వచ్చి చూస్తే బాగుంటాది గదా?"

"కొలతలన్నీ తీసుకున్నానమ్మా. అవసరం లేదు."

ఆవిడ ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి పోయింది. ఇంటికొచ్చిన మనిషిని రెండోసారి అడగడం ఆవిడకు తెలియదు. ఇరవై తొమ్మిదేళ్ళలో నేను చెప్పిన మాటల్లో ఒకటి వెనక్కి తీసుకోవచ్చంటే, ఆ "అవసరం లేదు" తీసుకుంటాను.

రెండో తప్పు కూడా ఆ రోజే జరిగింది. మా దగ్గర బిగించేవాళ్ళు రెండు రకాలు. రోజుకు ఐదిళ్ళు ముగించే జట్టు ఒకటి. రోజుకు రెండిళ్ళే చేసే ఓబులేసు ఒకడు. కాగితం మీద ఓబులేసు పేరు రాశాను. మస్తాన్ సాబ్ కొట్టేశాడు. "ఓబులేసు వారందాకా ఖాళీ లేడు. మనిషి ఎండకు చస్తాండాడు అంటివి, వారం ఆపుతావా?" అన్నాడు. నేను ఒప్పుకున్నాను. జట్టు 24వ తేదీ సోమవారం వెళ్ళి గంటా పది నిమిషాల్లో బిగించి వచ్చింది.

గురువారం పొద్దున లక్ష్మీదేవమ్మ ఫోన్ చేసింది.

"అక్కా, ఏసీ ఆపేసినాము."

"ఏమైంది, చల్లగా లేదా?"

"చలి బాగనే ఉండాది. పోగులు తెగుతాండాయి. ఒకటి అతికేలోపల ఇంకోటి. ఆయప్ప నిన్నంతా జానెడు కూడా నేయలే. ఏసీ ఆపి వేడిలోనే కూర్చుంటాడంట. చెప్తే వినడు."

మస్తాన్ సాబ్‌కు చెప్పాను. ఆయన రసీదు పుస్తకం నుంచి తలెత్తలేదు.

"ఏసీ చల్లగా ఉండాదా లేదా?"

"ఉంది."

"అయితే మన పని అయిపోయింది. మనం చలి అమ్మినాం సరోజమ్మా, దారం అమ్మలేదు."

పొద్దున ఎనిమిది నుంచి ఒంటిగంట

శనివారం సెలవు పెట్టి వెళ్ళాను. ఒక ఉష్ణమాపకం, గడియారం, పుస్తకం. లక్ష్మీదేవమ్మ మూలన చాప వేసింది. "ఈడ కూర్చో అక్కా. వెలుతురుకు అడ్డం లేకుండా" అంది. ఐదు గంటలు అక్కడే కూర్చున్నాను.

మగ్గం ఆడుతున్నప్పుడు అది వేరే గది. అమావాస్య నాడు నాకు కనబడనివి ఒక్కొక్కటే కనబడ్డాయి. తలుపులు మూసి ఉన్నాయి. ఫ్యాను ఉంది, తిరగదు. మగ్గం ఉన్న గదిలో ఫ్యాను వేయరని నాకు అప్పటిదాకా తెలియదు, ఉంది కదా అని లెక్కలో వేసుకున్నాను. నేల మీద నీళ్ళు చల్లారు. పడుగు కింద ఒక తడి పంచె పరిచారు. నేతగాడి ముందు పది అడుగుల పొడవున పట్టు పోగులు, వెంట్రుక కంటే సన్నం, బిగువుగా. ఆ బిగువు మీద పట్టుకు కొంచెం తేమ ఉండాలి. ఎండితే పెళుసు అవుతుంది, తెగుతుంది. ఆ తేమ కోసమే తడి నేల, తడి పంచె, మూసిన తలుపు, తిరగని ఫ్యాను. ఇంటిల్లిపాదీ కలిసి గాలిని కట్టి పడేసిన గదిలోకి నేను రెండు టన్నుల గాలిని పంపించాను. అది కూడా ఎదురు గోడ నుంచి, జాకార్డ్ తాళ్ళను ఊపుతూ, పడుగు పొడవునా.

ఎనిమిది నుంచి తొమ్మిది, ఏసీ లేకుండా: తెగిన పోగులు ఐదు. గది ముప్పై నాలుగు డిగ్రీలు. తొమ్మిది నుంచి పది, జట్టు పెట్టిపోయినట్టే ఏసీ నడిపితే: ముప్పై ఒక్క పోగులు. తడి పంచె నలభై నిమిషాలకు ఎండిపోయింది. గాలి తగ్గించి, రెక్క పైకెత్తి ఇంకో గంట చూశాను: పదిహేడు పోగులు. పదకొండుకు ఏసీ ఆపించాడు ఆదినారాయణ. పన్నెండున్నరకు గది ముప్పై తొమ్మిది దాటింది. తెగిన పోగులు మళ్ళీ ఆరుకు దిగాయి. ఆయన బనియను తడిసి ఒంటికి అంటుకుంది. పెదవులు తెల్లబడ్డాయి.

"ఆపప్పా ఇంక. లేచి బయటికి రా" అన్నాను.

"ఈ పువ్వు అయిపోనీ అక్కా."

"పోయినేడాది ఇట్లనే అనినాడు" అంది లక్ష్మీదేవమ్మ కండె చుడుతూనే. "పువ్వు అయిపోనీ, పువ్వు అయిపోనీ అని. పువ్వు అయిపోలే, ఈయప్ప అయిపోతాండె."

"నోరు మంచిది కాదక్కా దీనిది" అన్నాడాయన నావైపు చూడకుండా.

"నీ చెవి మంచిదైతే నా నోటితో ఏం పని?"

నేను చేసిన తప్పు ఆయనకు చెప్పాను. గది ఖాళీగా ఉన్నప్పుడు చూశానని, మీ ఆవిడ మళ్ళీ రమ్మంటే రాలేదని, యంత్రం పెద్దదని, పెట్టిన చోటు తప్పని. ఆయన నాడె ఆపి విన్నాడు.

"పోనీలే అక్కా. ఏసీ మగ్గానికి సరిపోదులే. గుంత పూడుస్తే పోతాది."

ఆయన అంత నెమ్మదిగా చెప్పినందుకే నాకు నిద్ర పట్టకుండా పోయింది. ఈ పనిలోకి వచ్చే పిల్లలకు ఒక మాట. గట్టిగా అరిచే ఇంటివాళ్ళ పని ఎలాగూ అవుతుంది. పోనీలే అన్నవాళ్ళ దగ్గరికి ముందు వెళ్ళండి.

సాబ్ చూసిన గంట

సోమవారం నా పుస్తకం మస్తాన్ సాబ్ ముందు తెరిచి పెట్టాను. ఐదు, ముప్పై ఒకటి, పదిహేడు, ఆరు. ఆయన ఫ్యాన్లు చుట్టిన మనిషి. సన్నటి తీగ తెగడం అంటే ఏమిటో తెలిసినవాడు. అయినా ఏప్రిల్ పోయి మే వచ్చింది, ఇంకా వినబడని నెలే.

"ఏం చేద్దామంటావు?"

"రెండు టన్నులది వెనక్కి తేవాలి. ఒకటిన్నర పెట్టాలి. చోటు మార్చాలి. తప్పు నాది కాబట్టి వాళ్ళ మీద ఏమీ వేయకూడదు."

"బిగించిన యంత్రం వెనక్కి తెస్తే ఎవరు కొంటారమ్మా?"

"మన షోరూం హాలులో ఏసీ పాడై రెండేళ్ళయింది. ఏసీలు అమ్మే షాపులో మీరు విసనకర్రతో కూర్చుంటున్నారు."

పక్క టేబులు దగ్గర ఎవరో దగ్గారు. సాబ్ విసనకర్ర పక్కన పెట్టాడు. కానీ మరునాడు, మంగళవారం, నాకు చెప్పకుండా ధర్మవరం వెళ్ళాడు. ఆ సంగతి లక్ష్మీదేవమ్మ చెబితే తెలిసింది. చెప్పులు బయట విడిచి, నేను కూర్చున్న చాప మీదే గంటసేపు కూర్చున్నాడట. ఏసీ వేయించి, తెగే పోగులను చూశాడట. పోయేటప్పుడు తెగిన పట్టు పోగు ఒకటి అడిగి జేబులో పెట్టుకున్నాడట. సాయంత్రం షాపుకు వచ్చి, "ఓబులేసుకు గురువారం ఇంకే పనీ పెట్టొద్దు" అన్నాడు. అంతే. యజమానుల గురించి నా తీర్పు ఇది. తప్పు చేయని యజమాని నాకు తగల్లేదు. పోయి చూసి వచ్చే యజమాని దొరికితే ఆ షాపు వదలొద్దు.

ఓబులేసు చీపురు పుల్ల

బిగించే మనిషిని ఎలా ఎంచుకోవాలని అందరూ అడుగుతారు. వాడి మాటలు కాదు, వాడి బండి చూడండి. వాక్యూమ్ పంపు ఉండాలి. పైపులో గాలిని పంపుతో లాగేసిన తరువాతే గ్యాసు వదలాలి. పంపు లేకుండా గ్యాసుతోనే గాలిని తోసేస్తాను అనేవాణ్ణి గడప ఎక్కనివ్వద్దు. పాత రాగి పైపు అలాగే వాడదాం, మీకు లాభం అంటే అది వాడికి లాభం. పని ముగిశాక ఇంట్లోవాళ్ళు అడగకుండానే ఎర్తింగు చూసేవాడు మంచివాడు. పని మొదలుపెట్టక ముందు పది నిమిషాలు ఊరికే నిలబడి గది చూసేవాడు ఇంకా మంచివాడు.

ఓబులేసు ఆ గదిలో ముప్పావు గంట నిలబడ్డాడు. అంతకు ముందురోజే నేను చెప్పినట్టు కప్పు మీద సున్నం రెండు పూతలు కొట్టించారు. విండో ఏసీ తీసిన బొక్కకు జట్టు అట్ట అతికించి పోయింది. దాన్ని ఇటుకతో కట్టించారు. సున్నం కొట్టిన కప్పుకు, కట్టిన గోడకు మళ్ళీ లెక్క వేస్తే ఒకటిన్నర టన్ను చాలు. మొదటి రోజే ఈ లెక్క వేసి ఉండాలి. యంత్రం పెంచే ముందు ఎండను తగ్గించాలి. ఈ వరుస తిరగేయడం మా వృత్తిలో అందరూ చేసే తప్పు.

ఓబులేసు లక్ష్మీదేవమ్మను అడిగాడు.

"అమ్మా, పనికిరాని పట్టు పోగులు నాలుగు ఇస్తావా? ఒక చీపురు పుల్ల కూడా."

"ఏమప్పా, దిష్టి తీస్తావా?"

"ఏసీకే తీస్తా. దానికి మీ దిష్టే తగిలినట్టుండాది."

పోగును పుల్ల చివర కట్టాడు. ఆదినారాయణ వెనుక గోడకు, ఒక పక్కగా, కొత్త యూనిట్‌ను రెండు తాళ్ళతో వేలాడదీసి తాత్కాలికంగా దాని గాలి మాత్రం నడిపించాడు. పుల్ల పట్టుకుని పడుగు పొడవునా అడుగు అడుగుకు ఆగి చూశాడు. పోగు ఊగితే ఆ చోట గాలి ఉన్నట్టు. మూడు చోట్ల ఊగింది. యూనిట్‌ను అర అడుగు జరిపాడు. ఒక చోట ఊగింది. గాలి రెక్కను పక్క గోడవైపు తిప్పి కట్టాడు. ఈసారి గాలి గోడకు కొట్టుకుని, నెమ్మదై, నేతగాడి వీపు వెనుక దిగింది. పుల్ల పడుగంతా తిరిగి వచ్చింది. పోగు ఎక్కడా కదల్లేదు. అప్పుడు గోడకు మొదటి రంధ్రం వేశాడు.

ముగిసేసరికి సాయంత్రం ఐదు దాటింది. ఒక్క ఇల్లు, ఒక్క రోజు. రిమోట్ లక్ష్మీదేవమ్మ చేతికిచ్చి, "ఇరవై ఎనిమిది. అంతకంటే దించొద్దమ్మా, గాలి పెంచొద్దు. తడి పంచె మామూలుగా పరుచుకో" అన్నాడు.

"ఇరవై ఎనిమిదా? అందరూ పద్దెనిమిదిలో పెడ్తారంట గదా."

"వాళ్ళు పడుకుంటారమ్మా. ఈయప్ప నేయల్ల గదా."

రోహిణి కార్తెలో

కొత్త ఏసీ పెట్టిన తరువాత మూడు వారాలు దాటినా నేను ఫోన్ చేయలేదు. ఏం వినాల్సి వస్తుందోనని. చివరికి మే 30, మంగళవారం, మధ్యాహ్నం రెండున్నరకు వెళ్ళాను. ఆ వేళకు వెళ్ళాలని ఈసారి కావాలనే ఎంచుకున్నాను. రోహిణి కార్తె. వీధిలో కుక్క కూడా లేదు. సందు మొదట్లోనే మగ్గం చప్పుడు వినబడింది.

తలుపు నెట్టుకుని లోపలికి వెళ్ళి, ఎవరినీ పని మీద నుంచి లేపకుండా చాప మీద కూర్చున్నాను. గది ఇరవై తొమ్మిది డిగ్రీలు. మూడున్నరదాకా లెక్కపెట్టాను. నాలుగు పోగులు. ఆదినారాయణ బనియను పొడిగా ఉంది. మూడో చీర కొంగు దాకా వచ్చాడు. ఆ పడుగుకు అదే చివరి చీర.

నాలుగింటికి షావుకారు మనిషి వచ్చాడు, వచ్చే పడుగు సంగతి అడగడానికి. గడపలోనే నిలబడి చల్లదనానికి ఆశ్చర్యపోయి, అది కనబడనీయకుండా మాట్లాడాడు.

"ఏమప్పా ఆదినారాయణా, నీకు రెండు చీరల పడుగు ఇచ్చి చూద్దామంటాండాడు షావుకారు. నీ ఆరోగ్యం అట్లాంటిది. నడుమ ఆగిపోతే పట్టంతా పాడైపాయె."

పడుగు ఎక్కించడమంటే మాట ఇవ్వడమే. అది పూర్తయ్యేదాకా మగ్గం వదలకూడదు. ఆదినారాయణ నాడె విసిరి, పోగును ఒత్తే పలకను దగ్గరికి లాగి, పోగులను ఒకసారి చేత్తో నిమిరాడు. తల తిప్పలేదు.

"నాలుగు చీరలది తెమ్మను" అన్నాడు.

ఆ మనిషి లక్ష్మీదేవమ్మ వైపు చూశాడు, ఆవిడ కాదంటుందేమోనని. ఆవిడ కండె చుట్టడం ఆపలేదు.

"చెప్పినాడు గదప్పా. తలుపేసిపో, వేడి వస్తాంది."